బి.ఏ., బి.ఎల్.: చెన్నపట్నంలో రెండు పట్టాల చదువు

తెలుగునాట మూడు నాలుగు తరాల పాటు మనిషి పేరు పక్కన బి.ఏ., బి.ఎల్. అని ఉంటే చాలు, ఆయన మద్రాసులో చదువుకుని వచ్చిన ప్లీడరుగారని ఊరికి తెలిసిపోయేది. శుభలేఖల మీద, వీధి గుమ్మం పక్కన చెక్క పలక మీద, పుస్తకాల అట్టల మీద ఆ నాలుగు పొడి అక్షరాలు వరసగా కనిపించేవి. మొదటి పట్టా చరిత్ర, తత్త్వం, గణితం, భాషా సాహిత్యాల వంటి వాటిలో చేసిన చదువుకు. రెండోది న్యాయశాస్త్రానిది. మొదటిది లేనిదే రెండోదానికి దారి లేదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో స్థిరపడిన ఈ వరస తెలుగు జిల్లాల కోర్టులనే కాదు, పత్రికలనూ నాటకశాలలనూ శాసనసభలనూ తీర్చింది. ఇప్పుడు ఆ రెండు పట్టాలూ అయిదేళ్ళ ఒకే కోర్సులో ఇమిడాయి. అయితే చట్టాన్నీ భాషనూ కలిపి నేర్చుకోవడం ఈ నగరంలో విశ్వవిద్యాలయం కంటే పాతది.

చెన్నైకి ఉత్తరాన, ఎన్నూరుకు ఇవతల ఉన్న మనలి పేరు చెబితే ఇవాళ చమురుశుద్ధి కర్మాగారం, ఎరువుల ఫ్యాక్టరీ గుర్తుకొస్తాయి. 18వ శతాబ్దంలో అది దుబాసీల ఊరు. ఆ ఊరి ముద్దుకృష్ణ మొదలియార్ మద్రాసు గవర్నరు జార్జి పిగట్‌కు దుబాసీగా పనిచేసి పెద్ద ఆస్తి గడించాడు. ఈస్టిండియా కంపెనీ కోర్టులో వ్యవహారం ఇంగ్లీషులో నడిచేది. వాదికీ ప్రతివాదికీ సాక్షికీ వచ్చింది తెలుగో తమిళమో. మధ్యన నిలబడి ఇటు మాట అటు చేరవేసేవాడికి రెండు భాషలతో పాటు రెండు పక్షాల ఆచారాలూ తెలిసి ఉండాలి. పత్రం రాయడం, అప్పు తేల్చడం, తగవు తీర్చడం అన్నీ అతని చేతుల మీదుగానే సాగేవి. పట్టాలేవీ లేని ఆ రోజుల్లో న్యాయవాది చేయాల్సిన పనిలో సగం దుబాసీయే చేశాడు.

మనలి మొదలియార్ల కథ మద్రాసు న్యాయస్థానం నిలిచిన నేలతోనూ ముడిపడి ఉంది. ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట పాత నల్లపట్నం ఉండేది. అందులో పట్నానికే పెద్ద కోవెల చెన్నకేశవ పెరుమాళ్ గుడి. పాలకొల్లు నుంచి వలస వచ్చిన కంపెనీ వర్తకుడు బేరి తిమ్మన్న 17వ శతాబ్దంలోనే దాని ధర్మకర్తల్లో ఒకడు. ఫ్రెంచి వాళ్ళతో యుద్ధాల వేళ సెయింట్ జార్జ్ కోట చుట్టూ ఖాళీ జాగా కావాలని ఇంగ్లీషువాళ్ళు 1757లో ఆ గుడిని పడగొట్టారు. తర్వాతి దశాబ్దంలో కొత్త చోట చెన్నకేశవ, చెన్నమల్లేశ్వర ఆలయాలు జంటగా లేచాయి. ఆ పని నెత్తిన వేసుకుని, సొంత సొమ్మూ పెట్టి పూర్తి చేయించినవాడు ముద్దుకృష్ణ మొదలియారే. ఈ కుటుంబానికి విద్యల మీద మోజు ఎక్కువ. తిరువారూరు నుంచి రామస్వామి దీక్షితులను పిలిపించి మనలిలో నిలిపారు. ముత్తుస్వామి దీక్షితుల యౌవనం అక్కడే గడిచింది. ముద్దుకృష్ణ కొడుకు వెంకటకృష్ణ మొదలియార్ మీద రామస్వామి దీక్షితులు కట్టిన 108 రాగతాళాల మాలిక తెలుగులోనే ఉంది. కోర్టు వ్యవహారమూ తెలుగు సాహిత్యమూ ఒకే ఇంటి అరుగు మీద కూర్చున్న తొలి ఆనవాళ్ళలో మనలి ఒకటి.

దుబాసీ తర్వాతి మెట్టు కోర్టు తర్జుమాదారు. ఒంగోలు ప్రాంతంలో 1784లో పుట్టిన వెన్నెలకంటి సుబ్బారావు 1815 నుంచి 1829 దాకా మద్రాసు సదర్ అదాలతులో అనువాదకుడు, దుబాసీ. అనేక భాషలు నేర్చిన ఆయన ఇంగ్లీషులో తన జీవిత కథ రాసుకున్నారు. కొడుకు దాన్ని 1873లో అచ్చువేయించాడు. భారతీయుడు ఇంగ్లీషులో రాసుకున్న ఆత్మకథల్లో అది చాలా తొలినాటిది. మద్రాసు స్కూల్ బుక్ సొసైటీ సభ్యుడిగా బడి చదువుల తీరు మీద నివేదిక కూడా ఇచ్చారు. న్యాయస్థానంలో పని చేసేవాడికి ధర్మశాస్త్రం కంటే ముందు భాష, వ్యాకరణం గట్టిగా రావాలన్నది ఆయన జీవితమే చెబుతుంది.

ఆ రోజుల్లోనే, 1812లో, కంపెనీ అధికారి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ పూనికతో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ ఏర్పడింది. కొత్తగా వచ్చిన దొరలకు దేశభాషలు నేర్పడం దాని మొదటి పని. అయితే అక్కడ హిందూ, మహమ్మదీయ ధర్మశాస్త్రాలు చదువుకునే దేశీయ విద్యార్థులు కూడా ఉండేవారు. వారిలోంచి కోర్టు పండితులు, వకీళ్ళు తయారయ్యేవారు. పట్టాభిరామశాస్త్రి తెలుగు వ్యాకరణం విప్పి చెప్పే కప్పు కిందనే మితాక్షర అనే హిందూ ధర్మశాస్త్ర గ్రంథం పాఠాలూ నడిచాయి. తెలుగు సంస్కృతం నుంచి పుట్టింది కాదని, తమిళ కన్నడాలతో కలిసిన వేరే కుటుంబానిదని ఎల్లిస్ 1816లో నిరూపించింది ఈ కాలేజీ పండితుల సాయంతోనే. చట్టం చదువు, భాషా పరిశోధన ఇంత దగ్గరగా మసలిన చోటు ఆ కాలపు దక్షిణ దేశంలో మరొకటి లేదు. తెలుగుకు ఇది వింత పొత్తేమీ కాదు. 13వ శతాబ్దంలో మితాక్షరను తెలుగు పద్యాల్లో 'విజ్ఞానేశ్వరీయం'గా రాసిన కేతనే 'ఆంధ్రభాషాభూషణం' అనే వ్యాకరణమూ, 'దశకుమారచరిత్ర' అనే కథాకావ్యమూ రాశాడు.

కోర్టుల్లో దేశీయ వకీళ్ళకు సన్నదులిచ్చే నిబంధనలు 1802లోనే వచ్చాయి. చదువు ఇంతుండాలన్న లెక్క మాత్రం చాలాకాలం లేదు. జడ్జి నమ్మినవాడు, పారసీ లేదా దేశభాష దస్తావేజులు చదవగలవాడు వకీలు. ఆ తీరును మార్చింది 1857 సెప్టెంబరు 5న పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయం, 1862లో వచ్చిన హైకోర్టు. విశ్వవిద్యాలయం మొదటి రోజు నుంచే న్యాయశాస్త్రానికి పట్టా పెట్టింది. దేశంలో చాలా చోట్ల ఆ పట్టాను ఎల్.ఎల్.బి. అన్నారు, మద్రాసు దాన్ని బి.ఎల్. అంది, తమిళనాడులో ఇటీవలి దాకా అదే పేరు వాడుకలో ఉండేది.

లా తరగతులు మొదట ప్రెసిడెన్సీ కాలేజీలోనే నడిచాయి. సముద్రం ఒడ్డున ఒకే కాలేజీలో ఒక గదిలో షేక్‌స్పియరు, పక్క గదిలో కాంట్రాక్టు చట్టం. పాఠం చెప్పేవాళ్ళలో జాన్ బ్రూస్ నార్టన్, జాన్ డాసన్ మేన్ పేరుమోసిన బారిస్టర్లు. మేన్ న్యాయశాస్త్రంతో పాటు తర్కం, నీతిశాస్త్రం కూడా బోధించాడు. మద్రాసు కోర్టుల్లో సంపాదించిన అనుభవంతో ఆయన రాసిన హిందూ ధర్మశాస్త్ర గ్రంథం 1878లో వచ్చింది; దత్తత, ఉమ్మడి కుటుంబం, స్త్రీధనం మీద వాదించే ప్రతి తెలుగు ప్లీడరు బీరువాలోనూ తర్వాత నూరేళ్ళు అది ఉంది. తర్కం చెప్పిన గురువే చట్టం చెప్పడం అప్పటి చదువు స్వభావానికి మంచి సాక్ష్యం. శాసనాన్ని కంఠస్థం చేయించడం కంటే ఒక వాక్యం ఎన్ని రకాలుగా చదవొచ్చో చూపడం ఆ తరగతుల బలం.

వరస ఇలా కుదురుకుంది. మెట్రిక్యులేషన్ తర్వాత ఎఫ్.ఏ., దాని మీద బి.ఏ. ఆ తర్వాత ఎఫ్.ఎల్. అనే మొదటి లా పరీక్ష, చివర బి.ఎల్. పట్టా చేతికొచ్చాక పెద్ద వకీలు దగ్గర కొంతకాలం అప్రెంటిసు. అన్నీ అయ్యాకే హైకోర్టు వకీలుగా సన్నదు. అంటే మెట్రిక్ దాటిన కుర్రవాడికి మద్రాసులో ఆరేడేళ్ళు. తిరువల్లిక్కేణి గదుల అద్దె, మెస్సు ఖర్చు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు అన్నీ ఊరి నుంచి రావాలి. పొలం ఉన్నవాళ్ళు, సర్కారు ఉద్యోగుల ఇళ్ళు, అగ్రహారాలు ఆ బరువు మోయగలిగాయి. రైతు కూలీల ఇళ్ళ నుంచి, దళితవాడల నుంచి ఈ దారిలోకి రావడానికి దశాబ్దాలు పట్టింది. ఈ చదువు గొప్పతనం చెప్పేటప్పుడు ఆ తలుపు ఎంత ఇరుకైనదో కూడా చెప్పాలి.

ఇరుకు తలుపు పక్కన ఒక చిన్న సందు ఉండేది. బి.ఏ. లేనివాళ్ళు పరీక్ష రాసి సెకండ్ గ్రేడ్ ప్లీడర్లు కావచ్చు. కింది కోర్టుల్లో మాత్రమే వాదించవచ్చు. టంగుటూరి ప్రకాశం ఆ సందులోంచి వచ్చినవారే. తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పెంచిన పిల్లవాడు, నాటకాలాడుతూ రాజమండ్రి చేరి, సెకండ్ గ్రేడ్ పరీక్ష నెగ్గి అక్కడే పేరు తెచ్చుకున్నారు. ఎంత పేరొచ్చినా పై కోర్టు మెట్లెక్కే హక్కు లేదు. దాంతో ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. 'నా జీవిత యాత్ర'లో ఈ మెట్లన్నీ ఆయన దాపరికం లేకుండా రాశారు. బి.ఏ., బి.ఎల్. లేనివాడికి లండనే దగ్గరి దారి కావడం ఆ వ్యవస్థ లోపం.

ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి విడివడి మద్రాసు లా కాలేజీ 1891లో సొంతంగా మొదలైంది. అదే ఏడు 'మద్రాస్ లా జర్నల్' కూడా పుట్టింది. మరుసటి ఏడు హైకోర్టుకు ఇప్పటి ఎర్ర భవనం తయారైంది. దాని ఆవరణకు ఆనుకుని, హెన్రీ ఇర్విన్ గీసిన నమూనాలో, గుమ్మటాలు మినార్లతో లా కాలేజీ భవనం 1899లో తెరుచుకుంది. ఆ నేల కోటలోని తెల్లవారి పాత శ్మశానం. 1758–59లో ఫ్రెంచి సేనాని లాలీ కోటను ముట్టడించినప్పుడు అతని సైనికులు సమాధులను చాటు చేసుకుని కాల్పులు జరిపారు. ముట్టడి తొలిగాక ఇంగ్లీషువాళ్ళు ఆ సమాధులను నేలమట్టం చేసి, రాతి పలకలను కోటలోని సెయింట్ మేరీ చర్చి ముంగిటికి తరలించారు. ఒక్క పొడవాటి శిఖరం మాత్రం కదల్చకుండా వదిలారు. అది గవర్నరు ఎలిహు యేల్ పసికొడుకు డేవిడ్‌ది, యేల్ భార్య మొదటి భర్త జోసెఫ్ హిన్మర్స్‌ది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన కుటుంబపు సమాధి పక్క నుంచి కొన్ని తరాల తెలుగు విద్యార్థులు పుస్తకాలు పట్టుకుని తరగతికి వెళ్ళారు.

కాలేజీ గేటు దాటితే హైకోర్టు. రోడ్డు దాటితే తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, వాటి మేడల నిండా వకీళ్ళ ఆఫీసులు. పొద్దున పాఠం విన్నవాడు మధ్యాహ్నం కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చుని భాష్యం అయ్యంగార్ వంటి పెద్ద వకీళ్ళ వాదన వినొచ్చు, సాయంత్రం సీనియర్ గదిలో కాగితాలు సర్దొచ్చు. చదువు, పని, సభలు అన్నీ నడిచి వెళ్ళే దూరంలో ఉండడం ఆ కాలేజీకి దొరికిన అదృష్టం. పాఠ్యపుస్తకం ఇవ్వలేని విద్య ఆ వీధుల్లో దొరికింది.

ఆ చదువుకు తొలి తెలుగు ఫలాల్లో న్యాపతి సుబ్బారావు ఒకరు. క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ. చేసి లా చదువుతున్న రోజుల్లోనే, 1878 సెప్టెంబరు 20న, మరో అయిదుగురితో కలిసి 'ది హిందూ' పత్రిక పెట్టారు. ఆ ఆరుగురిలో నలుగురు లా విద్యార్థులు. మద్రాసు హైకోర్టుకు మొదటి దేశీయ జడ్జిగా ముత్తుస్వామి అయ్యర్ నియామకాన్ని ఇంగ్లీషు పత్రికలు ఎగతాళి చేయడం వాళ్ళకు కోపం తెప్పించింది. ఒక జడ్జి గౌరవం కోసం లా విద్యార్థులు పత్రిక పెట్టారంటే వాళ్ళ చేతిలో చట్టమూ కలమూ వేరు వేరు పనిముట్లు కావని తెలుస్తుంది. సుబ్బారావు తర్వాత రాజమండ్రిలో ప్రాక్టీసు పెట్టి, వీరేశలింగం సంపాదకుడిగా 'చింతామణి' నడిపించారు. ఆ దారిలోనే క్రిస్టియన్ కాలేజీ బి.ఏ., మద్రాసు బి.ఎల్. అయిన కొండా వెంకటప్పయ్య బందరులో వకీలుగా ఉంటూ దాసు నారాయణరావుతో కలిసి 1902లో 'కృష్ణాపత్రిక' మొదలుపెట్టారు. 1913లో బాపట్లలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభ వెనుక కూడా ప్రధానంగా ఉన్నది ఈ ప్లీడరు వర్గమే. 1920–21లో గాంధీ కోర్టులు వదలమన్నప్పుడు ప్రకాశం, వెంకటప్పయ్య, అయ్యదేవర కాళేశ్వరరావు వంటి వాళ్ళు నిండు ప్రాక్టీసును ఒక్కసారిగా వదిలేశారు. సంపాదనకు వచ్చిన పట్టాను వాళ్ళు సంపాదన కోసమే అని అనుకోలేదు.

రెండు పట్టాల ఫలం బళ్ళారిలో చూడాలి. అక్కడ తెలుగు నాటకాన్ని నిలబెట్టిన ముగ్గురూ ప్లీడర్లే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'చిత్రనళీయం' రాసి, సరసవినోదినీ సభ పెట్టారు. కోలాచలం శ్రీనివాసరావు చారిత్రక నాటకాలు రాసి, సుమనోరమ సభ నడిపారు. ధర్మవరం వారి మేనల్లుడు రాఘవ క్రిస్టియన్ కాలేజీ పట్టభద్రుడు, 1905లో మద్రాసు లా కాలేజీ నుంచి బయటికొచ్చి బళ్ళారి కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటరు దాకా ఎదిగారు. పగలు జ్యూరీ ముందు నిలబడిన గొంతే రాత్రి నాటకంలో పఠాన్ రుస్తుం వేషంలో నిలబడింది. కోర్టులో సాక్షిని ప్రశ్నించేటప్పుడు ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసినవాడికి రాగం తీస్తూ పద్యం సాగదీయడం నచ్చకపోవడంలో ఆశ్చర్యం లేదు. తెలుగు రంగస్థలం మీద మాట సహజంగా పలికే నటనకు రాఘవ తెచ్చిన గౌరవంలో కోర్టు హాలు వాటా తక్కువది కాదు.

ఆయన ఆడిన నాటకాల్లో 'తప్పెవరిది' ఒకటి. రాసింది పి.వి. రాజమన్నారు. ఈయన మద్రాసు లా కాలేజీ విద్యార్థి, హైకోర్టు జడ్జి కొడుకు. 1948లో మద్రాసు హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. స్వతంత్రం వచ్చాక ఆ కుర్చీలో కూర్చున్న తొలి భారతీయుడు ఆయనే. 1961 దాకా ఉన్నారు. అదే కాలంలో, 1953లో, సంగీత నాటక అకాడమీకి మొదటి అధ్యక్షుడూ ఆయనే. ఆయన బావ కోకా సుబ్బారావు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో చదివి, మద్రాసులో లా చేసి, మామగారి దగ్గరే జూనియరుగా చేరారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు తెరిచినప్పుడు దాని తొలి ప్రధాన న్యాయమూర్తి, 1966లో దేశానికే ప్రధాన న్యాయమూర్తి. ప్రాథమిక హక్కులను పార్లమెంటు కూడా తీసివేయలేదన్న 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు ఆయన ధర్మాసనానిదే. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టి క్రిస్టియన్ కాలేజీ, లా కాలేజీల మీదుగా వచ్చిన అల్లాడి కృష్ణస్వామి అప్పటికే రాజ్యాంగ ముసాయిదా సంఘంలో కూర్చుని వచ్చారు.

సాహిత్యంలో ఈ వరస ఇంకా పొడుగు. గేయకవి బసవరాజు అప్పారావు బెజవాడలో వకీలు. 'నారాయణరావు' రాసిన అడివి బాపిరాజు బి.ఎల్. చేసి కొన్నాళ్ళు భీమవరంలో ప్రాక్టీసు చేశారు. చివరికి బొమ్మలూ నవలలే గెలిచాయి. నోరి నరసింహశాస్త్రి రేపల్లెలో వకీలుగా ఉంటూనే 'రుద్రమదేవి' వంటి చారిత్రక నవలలు రాశారు. త్రిపురనేని గోపీచంద్ కూడా లా పట్టభద్రుడే. వీళ్ళందరిలో కోర్టును కథలోకి నిండుగా తెచ్చినవారు రాచకొండ విశ్వనాథశాస్త్రి (రావిశాస్త్రి). ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి విశాఖలో ప్లీడరు అయ్యారు. 'ఆరు సారా కథలు'లో పోలీసు, దళారి, దొంగసాక్షి, బోనులో నిలబడిన బీద మనిషి ఎలా మాట్లాడతారో ఆయన రాసిన తీరు చట్టం లోపలి నుంచి చూసినవాడికే సాధ్యం. తత్త్వం చదవని వకీలు ఆ కథలు రాయలేడు, వకీలు కాని తత్త్వవేత్తా రాయలేడు.

ఆడవాళ్ళకు ఈ తలుపు ఆలస్యంగా తెరుచుకుంది. న్యాయవాద వృత్తిలో స్త్రీలకున్న అడ్డు తీసేసిన చట్టం 1923లో వచ్చింది. దక్షిణ కన్నడ జిల్లా నుంచి వచ్చిన బి. ఆనందబాయి 1928లో మద్రాసు లా పట్టా పొందిన తొలి మహిళ. తెలుగువారిలో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు దుర్గాబాయిది. ఎనిమిదేళ్ళకే పెళ్ళయి, ఆ బంధాన్ని తానే వదులుకుని, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి, ఆ తర్వాత పట్టుబట్టి మెట్రిక్ రాసిన మనిషి. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళితే ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. ఆమె తనలాంటి అమ్మాయిలను కూడగట్టి హాస్టలు ఏర్పాటు చేసుకుని మరీ రాజనీతిశాస్త్రంలో బి.ఏ. ఆనర్స్ పూర్తి చేశారు. 1942లో మద్రాసు లా కాలేజీ నుంచి బి.ఎల్. తీసుకుని హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. ఒకపక్క ఆంధ్ర మహిళా సభ పనులు నడుస్తూనే ఉన్నాయి. నాలుగేళ్ళు తిరిగేసరికి రాజ్యాంగ సభలో ఉన్నారు. అక్కడ ఆమె మాటకు పదును తెచ్చింది లా చదువైతే, ఏ మాట ఎందుకు అడగాలో చెప్పింది రాజనీతి చదువు, జైలు, మహిళా సభ.

దామోదరం సంజీవయ్య ప్రయాణం మరో విధంగా అరుదైనది. కర్నూలు జిల్లా పెదపాడులో భూమి లేని దళిత కుటుంబంలో పుట్టి, అనంతపురం కాలేజీలో బి.ఏ. చేసి, 1948లో మద్రాసు లా కాలేజీలో బి.ఎల్. పూర్తి చేశారు. పన్నెండేళ్ళలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు, దేశంలో ఆ పదవి ఎక్కిన తొలి దళితుడు. మద్రాసు రెండు పట్టాలను తెలుగునాటికి తెచ్చిన చివరి తరంలో ఆయన ఒకరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1945లోనే లా శాఖ పెట్టింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. హైకోర్టు గుంటూరుకూ, 1956లో హైదరాబాదుకూ వెళ్ళాక లా కోసం మద్రాసు రైలెక్కే అవసరం తీరిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే దేశమంతటా లా చదువు నాణ్యత మీద ఫిర్యాదులు పెరిగాయి. సెతల్వాడ్ అధ్యక్షతన లా కమిషన్ 1958లో ఇచ్చిన 14వ నివేదిక గట్టిగానే తిట్టింది: కిక్కిరిసిన తరగతులు, పూర్తికాలం పనిచేయని బోధకులు, పరీక్ష ముందు బట్టీ. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం వకీలు, ప్లీడరు, ఫస్ట్ గ్రేడ్, సెకండ్ గ్రేడ్ తేడాలన్నిటినీ తుడిచేసి అందరినీ అడ్వొకేట్లను చేసింది. చదువు ప్రమాణాలు బార్ కౌన్సిల్ చేతికొచ్చాయి. డిగ్రీ తర్వాత లా రెండేళ్ళ నుంచి మూడేళ్ళకు పెరిగింది. 1980లలో ఇంకో ఆలోచన వచ్చింది. ఇతర డిగ్రీలు చేసి ఏమీ తోచక లాలోకి వచ్చేవాళ్ళ బదులు, ఇంటర్ అయిన వెంటనే ఇష్టపడి వచ్చేవాళ్ళను తీసుకుని అయిదేళ్ళు పట్టి చదివించాలని. బెంగుళూరు నేషనల్ లా స్కూల్‌లో మాధవ మేనన్ దాన్ని చేసి చూపించారు. హైదరాబాదులో నల్సార్ 1998లో, విశాఖలో న్యాయ విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. విశాఖ దానికి తర్వాత సంజీవయ్య పేరే పెట్టారు.

చెన్నైలో లా కాలేజీకి 1990లో అంబేద్కర్ పేరు పెట్టారు. తమిళనాడు అంబేద్కర్ లా విశ్వవిద్యాలయం 1997లో పనిచేయడం మొదలుపెట్టి, 2002లో ఆనర్స్ కోర్సుల కోసం స్కూల్ ఆఫ్ ఎక్సలెన్స్ ఇన్ లా తెరిచింది. బార్ కౌన్సిల్ 2008 నియమావళి ఈ కోర్సులకు సమీకృత రెండు పట్టాల కోర్సు అన్న హోదా ఇచ్చింది. చరిత్ర, రాజనీతి, సామాజికశాస్త్రం, అర్థశాస్త్రం, ఇంగ్లీషు వంటివి బి.ఏ. భాగం, కాంట్రాక్టు, శిక్షాస్మృతి, రాజ్యాంగం, సాక్ష్యం వగైరా లా భాగం. రెండూ తొలి ఏడు నుంచే అల్లుకుని నడుస్తాయి. ఒక కఠినమైన షరతు ఉంది: మూడేళ్ళయ్యాక బి.ఏ. తీసుకుని వెళ్ళిపోతానంటే కుదరదు, మధ్యలో చేరతానన్నా కుదరదు. ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల్లోనూ ఆర్ట్స్, లా కలిపి అయిదేళ్ళు చదవడం మామూలే. అమెరికా మాత్రం పాత మద్రాసు వరసనే పాటిస్తుంది, ముందు ఒక డిగ్రీ, ఆ తర్వాతే మూడేళ్ళ లా.

ఏది మేలన్న ప్రశ్నకు మద్రాసు చరిత్ర ఒకవైపే మొగ్గదు. అయిదేళ్ళ కోర్సు ఒక ఏడాది ఖర్చు మిగులుస్తుంది, దారి ముందే తెలుస్తుంది. తొలి తరం చదువుకునే ఇంటికి అది చిన్న మేలు కాదు. పోయిందల్లా తీరుబడి. పదిహేడేళ్ళకే లాయరునని నిశ్చయించుకున్న విద్యార్థికి చరిత్ర పేపరు త్వరగా గట్టెక్కాల్సిన మెట్టులా కనిపిస్తుంది. రాఘవకూ రావిశాస్త్రికీ మొదటి పట్టా దాని కోసమే చదివిన చదువు. ఆ తర్వాతే చట్టం వచ్చి దానికి పని కల్పించింది. ఆర్ట్స్ పాఠాలను లాకు తోకగా కాక లాతో సమానంగా నడిపే కాలేజీల్లో మాత్రమే ఈ లోటు తీరుతుంది.

మనలి 2011లో చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. ఆ ఊరి విద్యార్థి లా చదవాలంటే ఒకప్పుడు కాలేజీ ఉన్న ప్యారిస్ కార్నర్ వైపు బస్సెక్కితే చాలు. మెట్రో సొరంగం పనుల్లో పాత భవనం దెబ్బతినడంతో, 2018లో కాలేజీని రెండుగా చీల్చి నగరం బయటికి పంపారు: ఒకటి దక్షిణాన పుదుప్పాక్కంలో, ఇంకొకటి తిరువళ్ళూరు వైపు పట్టరైపెరుంబుదూరులో. హైకోర్టు గోడ పక్కన ఉండే వెసులుబాటు దాంతో పోయింది. తమిళనాడు ప్రభుత్వ కాలేజీల్లో అయిదేళ్ళ కోర్సుకు ప్లస్ టూ మార్కులే ఆధారం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లాసెట్, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో చాలా వాటికి క్లాట్ రాయాలి. డిగ్రీ తర్వాత మూడేళ్ళ దారి కూడా చాలాచోట్ల తెరిచే ఉంది. ఏ దారిన వచ్చినా 2009–10 నుంచి పట్టా పొందినవాళ్ళు బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవడంతో పాటు అఖిల భారత బార్ పరీక్ష కూడా నెగ్గాలి.